ఆగ్నేయం

కంపాస్ జేబులోనే ఉండేది, తీసేవాణ్ణి కాదు.
"మీ వంటిల్లు ఎటమ్మా?" అంటే చాలు.
వాస్తు పట్టింపున్న ఊరు,
ఆగ్నేయమెక్కడో ప్రతి గుమ్మానికీ తెలుసు.
పోపు వాసన వచ్చే వైపు తిరిగి
అరచేతంత యాంటెన్నా పలకని
సముద్రం మీదికి, సగానికి కొంచెం పైకి
వాల్చేవాణ్ణి,
ఏ పక్షీ వాలని ఒక చోటికి.

కీ కీమని చిన్న కూత.
తెర మీద గీతలు ఒకటి, రెండు, నాలుగు.
ఆ పైన, ముప్పై ఆరు వేల కిలోమీటర్లు దిగివచ్చినా
కాళ్లకి దుమ్మంటకుండా
వీణ.

సిరిపురంలో ఉన్నది పేరుకి ఆకాశవాణి,
మాట్లాడేది మాత్రం నేల మీద నుంచే.
ఇది నిజంగానే ఆకాశంలోంచి పలికింది,
దీనికేమో ఆ పేరు లేదు.

దొండపర్తి రైల్వే క్వార్టర్సులో మిత్రా గారికి బెంగాలీ పాటలు.
మహారాణిపేటలో నర్సు ఎలిజబెత్‌కి
నైట్ డ్యూటీ దిగొచ్చాక
మాటల్లేని పియానో.
చందా కట్టమంటే సన్యాసినాయుడు మాత్రం
"గాలికి డబ్బులేటి బాబూ?" అని
గుమ్మంలోంచే పంపేశాడు.

పెదజాలరిపేట నుంచి సూరాడ పోలిరాజు వచ్చాడు.
"బోటు మీద పలుకుద్దా?"
పలకదన్నాను.
బోటు ఊగుతుంది, తిరుగుతుంది,
ఇది ఒక్క చోటే చూసే కన్ను.
"సూడ్డానికి మా గుంటడున్నాడు గదా" అన్నాడు.

నూకరాజు. పదకొండేళ్లు.
పలకని ఒళ్లో పెట్టుకుని అణియంలో కూర్చునేవాడు.
యారాడ కొండ ఎడమకి పోనీ, కుడికి రానీ
వాడి ముక్కు ఆగ్నేయం వదిలేది కాదు.
తిరగలి మేకు చుట్టూ రాయి తిరిగినట్టు
వాడి చుట్టూ బోటు తిరిగేది.
వల లాగేటప్పుడు పాట తెగేది,
"ఒరే గుంటా!" అంటే
మళ్లీ అతుక్కునేది.

వాయుగుండం కబురు చెప్పే ఛానెల్
అందులో లేదని ముందే చెప్పాను.
"ఆ కబురు నీరే సెప్తాది.
ఇది పాటకి" అని నవ్వాడు పోలిరాజు.

ఓ ఏడాది చివర్లో కంపెనీ మునిగింది.
పాత రేడియో అయితే
స్టేషన్ పోయినా గురగుర మిగిలేది,
రేకు మీద చినుకుల్లా ఏదో ఒకటి.
దీనికి అదీ లేదు.
ఉంటే నిండా ఉంది, లేకపోతే లేదు.
తెర మీద ఒకటే మాట: వెతుకుతోంది.

పూర్ణా మార్కెట్ కొట్టుకి
ఇరవై మూడు సెట్లు వెనక్కొచ్చాయి.
ఎలిజబెత్ ఇవ్వలేదు.
"గడియారం బాగానే నడుస్తోంది లెండి."

తర్వాత హుద్‌హుద్.
సెల్ టవర్లు వంగిపోయిన రెండో రాత్రి,
మనిషి గొంతు ఏదైనా చాలనిపించి
అటక మీంచి ఒక సెట్టు దింపి
బ్యాటరీలేసి మేడెక్కాను.
పిచ్చితనమని తెలుసు.
అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగాక
అప్పుడు తట్టింది,
గాలి వచ్చిందీ అటునుంచేనని.
వీణని పంపిన మూలే
మా రేకుల్నీ పట్టుకుపోయింది.

వెతుకుతోంది.
వెతుకుతోంది.
బ్యాటరీలు చచ్చేదాకా పచ్చటి వెలుతురు
నా బొటనవేలి మీద.

మొన్న ఫిషింగ్ హార్బర్లో నూకరాజు కనిపించాడు.
ఇప్పుడు బోటు వాడిదే, డ్రైవరూ వాడే.
జీపీయెస్ ఉంది, వైర్‌లెస్ ఉంది,
ఫోన్లో వెయ్యి పాటలున్నాయి.
ఊరికే అడిగాను,
"మన రేడియో ఎటుండేదిరా?"

ఐసు గడ్డలు దింపుతున్నాడు.
చేతులు ఖాళీ లేవు, తల తిప్పలేదు.
గడ్డం మాత్రం ఎత్తాడు,
సముద్రం మీదికి,
సగానికి కొంచెం పైకి,
సరిగ్గా అంతే ఎత్తుకి.

"ఇప్పుడక్కడ ఏం లేదుగా" అన్నాను.
"ఆఁ, ఏటీ లేదు" అన్నాడు,
గడ్డం ఇంకా దించకుండానే.